తొమ్మిది వందల వాక్యాలు

జూన్ 1, సోమవారం

డాక్టరు తేదీ ఇచ్చాడు. జూలై ఆరు. మా ఆవిడ స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ‘మొత్తం’ అన్న మాట రెండుసార్లు అన్నాడు, మొదటిసారి నాకు వినపడలేదనుకున్నాడేమో. ఆవిడ మాత్రం హోంవర్కు చేయకుండా వచ్చిన మూడో తరగతి పిల్లాణ్ణి చూసినట్టు ఆయన్ని చూసి, “అంటే ఆ తర్వాత నేను మాట్లాడనన్నమాట,” అంది. అప్పటికే గొంతు బొంగురు.

“ఈ గొంతుతో మాట్లాడరమ్మా,” అన్నాడాయన.

ప్రాణానికి ఢోకా లేదు. అది చాలు. అది చాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఈ పుస్తకం లిఫ్టుల సర్వీసు రాసుకోవడానికి ఆఫీసులో ఇచ్చింది. నా దస్తూరీ చూస్తే ఆవిడకి ఎర్ర సిరా పెన్ను తీయాలనిపిస్తుంది కాబట్టి ఇది తెరిచి చూడదు.

జూన్ 2, మంగళవారం

ఆసుపత్రిలో మాటల శిక్షణ ఇచ్చే అమ్మాయి ఒకతె ఉంది. ఆమె చెప్పిన విషయం విని నాకు ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది వందల వాక్యాలు ఇస్తుంది. రోజుకి ముప్ఫై చొప్పున ఆవిడ చదివి ట్యాబ్‌లో రికార్డు చేయాలి. అన్నీ కలిపి ఒకేసారి అప్పజెబితే వాటిలోంచి మెషీను ఆవిడ గొంతు నేర్చుకుంటుంది. ఆపరేషన్ తర్వాత ఆవిడ ట్యాబ్ మీద టైపు చేస్తే, మాట ఆవిడ గొంతుతోనే వస్తుంది.

“గొంతు రోజురోజుకీ పాడవుతుంది సార్. మొదటి వారంలో చదివినవే బంగారం. అవి పోతే మళ్ళీ చదివించినా రావు. జాగ్రత్తగా దాచుకోండి,” అంది.

నాకు చెబుతోంది! ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నవాణ్ణి. నేను సంతకం పెట్టిన లిఫ్టు ఒక్కటి ఊడిపడలేదు. జాగ్రత్త అంటే ఏమిటో నాకు చెబుతోంది.

జూన్ 4, గురువారం

నిన్న ముప్ఫై, ఇవాళ ముప్ఫై చదివింది. “వాన వచ్చేలా ఉంది, కిటికీ మూయండి.” “నా నీలం గొడుగు ఎక్కడ పెట్టారు?” ఇలాంటివి. మధ్యలో నవ్వు ఆపుకోలేక రెండు పాడుచేసింది. పక్కగదిలో కూర్చుని వింటున్నాను. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత శ్రద్ధగా విన్లేదని నాకు తెలుసు.

ఇక దాచడం సంగతి. చెప్పుల అలమరలో నా సర్వర్ ఉంది. ఆఫీసులో పారేస్తుంటే తెచ్చి, నేనే బాగుచేసి పెట్టుకున్న పాత కంప్యూటరు. ఇంట్లో ఫోటోలు, లిఫ్టుల మాన్యువళ్ళు, పాత వీడియోలు అన్నీ అందులోనే. కానీ ఇంటికి ఏమైనా అయితే? అందుకని క్లౌడ్‌లో కూడా ఒక కాపీ ఉండాలి. మూడు రోజులుగా అదే చదువుతున్నాను.

ఒకటి బ్యాకప్ రకం. రోజుకొకసారి కాపీ తీసి, తాళం వేసి, పాతవి పాతవిగా పెట్టుకుంటుంది. కానీ అందులోవి ఫోనులో వినడానికి ఉండవు. అంతా మూటగట్టి పెడుతుంది. కావాలంటే వెనక్కి తెప్పించుకుని విప్పుకోవాలి. ఇంకోటి సింక్ రకం. ట్యాబ్‌లో పడిన మరుక్షణం సర్వర్లో, క్లౌడ్‌లో, నా ఫోనులో పడుతుంది. నాలుగు చోట్లా ఒకేలా.

నాలుగు చోట్ల! ఇంకేం కావాలి?

జూన్ 5, శుక్రవారం

ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు కళ్ళజోడు. అందరం అలాగే పిలుస్తాం. వాణ్ణి అడగడం నా బుద్ధితక్కువ.

“సింక్ అంటే బ్యాకప్ కాదు సార్,” అన్నాడు. “అది అద్దం లాంటిది. మీరు అద్దం ముందు నుంచి తప్పుకుంటే అద్దంలోనూ ఉండరు. రెండూ పెట్టుకోండి.”

“నాలుగు చోట్ల ఉంటుందయ్యా!”

“నాలుగు అద్దాలు సార్.”

ఒళ్ళు మండింది. వాడు పుట్టకముందు నుంచీ నేను పానెళ్ళు విప్పుతున్నాను. సింకే పెట్టాను. అసలు కారణం వాడికి చెప్పలేదు. డ్యూటీలో లిఫ్టు పైన కూర్చున్నప్పుడు ఆవిడ గొంతు ఫోనులో వినాలని ఉంది. మూటగట్టినది నాకెందుకు?

పెట్టేటప్పుడు ఒక ప్రశ్న వచ్చింది, తీసేసిన ఫైళ్ళని ముప్ఫై రోజులు చెత్తబుట్టలో ఉంచాలా అని. వద్దన్నాను. డిస్కులో చోటు అసలే తక్కువ. అయినా మేం తీసేసేది ఏముంది?

జూన్ 7, ఆదివారం

బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆవిడ చదవడం అయిపోయిన కాసేపటికి ఫోల్డర్ పక్కన పచ్చ టిక్కు పడుతుంది. ఆవిడకి చూపించాను.

“ఈ టిక్కు పడిందంటే ఇక నీకు దిగుల్లేదు. భద్రంగా చేరిపోయినట్టే.”

“చేరిపోతే ఇక ఇక్కడ అక్కర్లేదా?” అంది.

“ఇక్కడ ఉంటే ఎంత, లేకపోతే ఎంత,” అన్నాను. గొప్ప కోసం అన్నాను.

జూన్ 9, మంగళవారం

పెద్దాసుపత్రి వెనకున్న ఎనిమిదంతస్తుల బిల్డింగులో తాళ్ళ తనిఖీ. లిఫ్టు పైన కూర్చుని మొదటిరోజు వాక్యాలు విందామని ఫోను తీశాను. ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. లిఫ్టు గోతిలో సిగ్నల్ ఉండదు కదా. నేనొక పిచ్చివాణ్ణి.

సాయంత్రం ఇంట్లో చూస్తే ఇవాళ్టి ముప్ఫై లక్షణంగా ఉన్నాయి. పచ్చ టిక్కు.

జూన్ 12, శుక్రవారం

“ఈ తొమ్మిది వందల్లో ఒక్క తిట్టు లేదండీ,” అంది ఆవిడ. “రేపు మిమ్మల్ని ఏం పెట్టి తిట్టను?”

సొంతంగా పన్నెండు రాసుకుంది. ‘తలతిక్క మనిషి.’ ‘చెప్పింది ఒక్కసారి వింటే అరిగిపోతారా?’ ‘తువ్వాలు మంచం మీద పడేస్తే వీపు చిట్లగొడతాను.’ అన్నీ ఎంత సహజంగా చదివిందంటే రిహార్సలు ఇరవై ఏళ్ళుగా నడుస్తోందని ఎవరికైనా తెలిసిపోతుంది. చివరిదాని తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. నేను నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 16, మంగళవారం

ఇవాళ పద్నాలుగే చదవగలిగింది. కొన్ని మాటల్లో సగం గాలే వస్తోంది. మొదటి వారంలోవి ఉన్నాయి కదా, ఫరవాలేదు.

టిక్కు మాత్రం చాలా తొందరగా పడుతోంది ఈమధ్య. నెట్ బాగుపడింది.

జూన్ 19, శుక్రవారం

కళ్ళజోడు అడిగాడు, “ఒక్కసారైనా పాత ఫైలు తీసి విన్నారా సార్?” అని. వింటానన్నాను.

జూన్ 20, శనివారం

వినలేదు. ఆ మంచి గొంతు విని, తర్వాత పక్కగదిలో ఈ గొంతు వినాలంటే నావల్ల కాదు. అదీ అసలు సంగతి. రేపు చూస్తాను.

జూన్ 23, మంగళవారం

ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీతో పెద్ద గొడవ. బ్రేకు పరీక్ష చేసి ఎన్నాళ్ళయిందంటే, “బ్రేకు కొత్తదే కదండీ, పరీక్ష దేనికి?” అంటాడు. కడిగి వదిలిపెట్టాను. “పట్టి చూడని బ్రేకు బ్రేకు కాదయ్యా, ఇనుప ముక్క. లోపల మనుషులుంటారు,” అన్నాను. లిఫ్టు ఆపేయించి, చీటీ అంటించి మరీ వచ్చాను. వాడి మొహం చూడాలి! ఇంటికొచ్చి ఆవిడకి చెబితే నవ్వింది. శబ్దం రాకుండా నవ్వడం అలవాటు చేసుకుంటోంది.

జూన్ 25, గురువారం

సర్వర్ డిస్కులో చోటు చూశాను. ఈ నెలలో పెరిగింది దాదాపు ఏమీ లేదు. మాటలకి బరువెంత ఉంటుంది గనక! పాత లిఫ్టు వీడియోలు ఇంకో డిస్కు నిండా ఉంటే అవి కూడా ఇందులోకి ఎక్కించేశాను.

అలమర తలుపు తీస్తే వేడిగా ఉంది. మూసేశాను.

జూన్ 27, శనివారం

డాక్టరు ఇక చదవడం ఆపమన్నాడు. లోపల వాపు. రోజుకి పది మాటలు దాటొద్దు, అదీ అత్యవసరం అయితేనే. ఆవిడ తన నోటుబుక్కులో లెక్క రాసుకుంది: ఆరు వందల నలభై వాక్యాలు అయ్యాయి. అంత ఉంటే చాలని మాటల అమ్మాయి కూడా అంది. సోమవారం మొదటి వంద పంపమంది, బాగున్నాయో లేదో చూస్తుందట.

జూన్ 29, సోమవారం

రాయాలి. రాయకపోతే నా తల పగిలిపోతుంది.

మొదటి వంద పంపుదామని ఫోల్డర్ తెరిచాను. పదకొండు ఫైళ్ళున్నాయి. శనివారం ఆవిడ చదవగలిగిన ఆఖరి పదకొండు. ఫోనులో చూశాను, పదకొండు. క్లౌడ్‌లో చూశాను, పదకొండు. సర్వర్లో పదకొండు. నాలుగు చోట్లా ఒకేలా ఉన్నాయి. పక్కన పచ్చ టిక్కు.

ముందు ట్యాబ్ పాడైందనుకున్నాను. ఆవిడ దగ్గరికి వెళ్ళి, మామూలుగా మొహం పెట్టి, “పాతవి ట్యాబ్‌లో కనిపించట్లేదే?” అన్నాను.

నోటుబుక్కు తీసి చూపించింది. గీతలు కొట్టిన పట్టిక. ప్రతి తేదీ ఎదురుగా వాక్యాల లెక్క, ఆ పక్కన ‘టిక్కు పడింది’, ఆ పక్కన మర్నాటి తేదీ వేసి ‘తుడిచాను’. ఆఖరి రోజు తప్ప ఇరవై నాలుగు రోజులు, గుండ్రటి అక్షరాలతో.

“క్లాసు అయిపోతే బోర్డు తుడిచివ్వాలి కదండీ,” అంది, గాలితో. “లేకపోతే తర్వాతి పాఠానికి చోటెక్కడ?”

ఇరవై ఆరేళ్ళు టీచరు. క్లాసు నుంచి బయటికి వచ్చేముందు బోర్డు తుడవకుండా ఒక్కరోజూ రాలేదు. తర్వాత వచ్చే టీచరు తుడుచుకోవాల్సి రావడం మర్యాద కాదంటుంది. నేనేమో టిక్కు పడితే ఇక్కడ ఉన్నా లేకపోయినా ఒకటే అన్నాను. ఆవిడ ట్యాబ్‌లో తుడిచిన ప్రతిసారీ నా సర్వర్ బుద్ధిగా తనూ తుడిచింది. క్లౌడ్ తుడిచింది. నా జేబులో ఫోనూ తుడిచింది. ఆ రోజు గోతిలో ఖాళీగా కనిపించినప్పుడు అది ఖాళీగానే ఉంది. చెత్తబుట్ట వద్దన్నది నేనే.

“అన్నీ ఉన్నాయి కదా?” అంది.

“ఉన్నాయి,” అన్నాను. “నువ్వు మాట్లాడకు.”

జూన్ 30, మంగళవారం

కళ్ళజోడుని ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడకి సర్వర్ సర్వీసింగ్ అని చెప్పాను. చెప్పుల అలమర ముందు ఇద్దరం నేలమీద నాలుగు గంటలు కూర్చున్నాం. క్లౌడ్ వాళ్ళకి రాస్తే, చెత్తబుట్ట ఆపేసినవాళ్ళకి మేమేం చేయలేమని జవాబొచ్చింది. తుడిచిన ఫైళ్ళు డిస్కులో కొన్నాళ్ళు అడుగున పడుంటాయట, పైన ఇంకేదైనా రాయనంతవరకు.

“ఈమధ్య దీంట్లో పెద్దవేమైనా ఎక్కించారా?” అన్నాడు.

గురువారం ఎక్కించిన లిఫ్టు వీడియోలు.

నలభై ఒక్క ముక్కలు దొరికాయి. ముక్కలే. “వాన వచ్చే” అని ఒకటి. “గొడుగు” దగ్గర మొదలై గరగరమని ఆగిపోయింది ఇంకోటి. కళ్ళజోడు ‘నేను చెప్పాను కదా సార్’ అనలేదు. అని ఉంటే వాడి చెంప పగలగొట్టేవాణ్ణి, కాస్త తేలికపడేవాణ్ణి. వెళ్ళేటప్పుడు, “మేడంగారికి చెప్పేయండి సార్,” అన్నాడు.

ఎలా చెప్పను? నీ గొంతు నీ చేత్తోనే తుడిచేశావని చెప్పనా, ఆపరేషన్‌కి ఆరు రోజుల ముందు?

ఆవిడ కోసమే చెప్పడం లేదు. నా కోసం కాదు.

జూలై 1, బుధవారం

దారి దొరికింది. వదినగారు.

ఆవిడ అక్క. ఇద్దరివీ ఒకటే గొంతు. ఫోనులో ఎవరికీ తేడా తెలీదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆవిడే అనుకుని వదినతో పది నిమిషాలు సరసాలాడి పరువు పోగొట్టుకున్నాను. నాకే తెలియనప్పుడు మెషీనుకేం తెలుస్తుంది?

ఎక్కడో లిఫ్టు పాడైందని కాల్ వచ్చినట్టు చెప్పి, బస్సెక్కి ఊరి అటు చివరనున్న వాళ్ళింటికి వెళ్ళాను. విషయం వినేసరికి వదిన సోఫాలో కూలబడింది.

“ముందు దానికి చెప్పండి మరిదిగారూ.”

“చెబితే తట్టుకోలేదు వదినా.”

“అదా, మీరా?”

వాక్యాల కాగితాలు సంచిలోంచి తీశాను. వదిన చాలాసేపు ఏడ్చి, చివరికి ఒప్పుకుంది. కాగితాలు ముందు పెట్టుకుని మొదటిది చదివింది. “వాన వచ్చేలా ఉంది, కిటికీ మూయండి.” ఆవిడే. జూన్ మొదటి వారంలో ఆవిడ.

“బాగుందా?” అంది.

“అచ్చం,” అన్నాను.

జూలై 2, గురువారం

నూట ఎనభై అయ్యాయి. రోజంతా అక్కడే ఉన్నాను. ఇంట్లో లిఫ్టు కాల్ అని చెప్పాను.

ఆ పన్నెండు తిట్లు మాత్రం వదిన చదవనంది. “అవి దానివి,” అంది. బతిమాలాను. కాగితం మడిచి నా జేబులో పెట్టేసింది.

జూలై 3, శుక్రవారం

“నా గొంతుకేం తొందర మరిదిగారూ? ఇంకో నెల తర్వాతైనా ఇలాగే ఉంటుంది. మీరు ఇంటికి వెళ్ళి దాని దగ్గర కూర్చోండి,” అంది వదిన.

ముందు ఇది పూర్తి కావాలన్నాను. సగం పనిలో లేచి వెళ్ళే అలవాటు నాకు లేదు.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. “ఏమండీ,” అంది. వేలు పెదాల మీద పెట్టి వారించాను. పది మాటలే కదా ఉన్నది, వృథా చేయడం ఎందుకు?

జూలై 4, శనివారం

ఇవాళా లిఫ్టు కాల్.

జూలై 5, ఆదివారం

ఆరు వందల నలభై పూర్తి. లెక్కకి లెక్క సరిపోయింది. దొరికిన ముక్కల్లో బాగున్న తొమ్మిది కూడా కలిపాను, కొంచెమైనా ఆవిడది ఉండాలి కదా. అంతా కలిపి మాటల అమ్మాయికి పంపేశాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయని జవాబిచ్చింది.

బ్యాకప్ కూడా పెట్టాను, మూటగట్టే రకం. రెండు చోట్ల. వెనక్కి తీసి విప్పి చూశాను. అన్నీ ఉన్నాయి. వదినవి.

పొద్దున నేను బయల్దేరుతుంటే ఆవిడ నా చొక్కా పట్టుకుంది. “కూర్చోండి. మీతో ఒకటి చెప్పాలి,” అంది. అప్పటికే నాలుగు మాటలు.

“దాచుకో. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చెబుదువుగాని, మెషీను ఉందిగా,” అన్నాను.

జూలై 6, సోమవారం

ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసేముందు నావైపు చూసి నోరు కదిపింది. నర్సులు మాట్లాడుకుంటున్నారు, నాకు వినపడలేదు.

జూలై 9, గురువారం

బాగుంది. ప్రమాదం లేదన్నారు. మెడకి కట్టు, చేతిలో పలక. పలక మీద ‘తువ్వాలు’ అని రాసింది. కావాలనుకుని ఇచ్చాను. కాదంటూ నా భుజం వైపు చూపించింది. ఆసుపత్రి తువ్వాలు భుజాన వేసుకుని తిరుగుతున్నానట.

జూలై 18, శనివారం

ఇంటికొచ్చాం. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అలమరలో సర్వర్ తిరగడం పడగ్గదిలోకి వినిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఇది చప్పుడు చేస్తూనే ఉందా?

మెషీను గొంతు వచ్చే శనివారానికి తయారవుతుందట. వదిన ఫోను చేసింది. “నేను ఆ రోజు రాను,” అంది. రాకపోతే అనుమానం వస్తుందని నేనే రప్పిస్తున్నాను.

ఆవిడకి తెలీదు. ఎలా తెలుస్తుంది? ఎవరి గొంతు వాళ్ళకి బయటినుంచి వేరేగా వినిపిస్తుందంటారు. పైగా మెషీను. కాస్త తేడా ఉన్నా మెషీను అనుకుంటుంది. తెలిసే దారి లేదు.

జూలై 25, శనివారం

మాటల అమ్మాయి వచ్చి ట్యాబ్‌లో అంతా సర్ది, ఎలా వాడాలో చూపించి వెళ్ళింది. వదిన కిటికీ దగ్గర నిలబడింది. నేను టీ పెడుతున్నానని వంటింట్లో ఉండిపోయాను.

ఆవిడ ఏదో టైపు చేసింది. “అందరికీ నమస్కారం. నేను వచ్చేశాను,” అంది మెషీను.

చాలా బాగుందన్నాను, వంటింట్లోంచే. టీ పట్టుకుని వచ్చేసరికి ఆవిడ ట్యాబ్ వైపు చూడటం లేదు, వదిన వైపు చూస్తోంది. తర్వాత నెమ్మదిగా టైపు చేసింది. ఒక్కో అక్షరం నొక్కడం నాకు వినిపిస్తోంది.

“అక్కా, ఎన్ని రోజులు పట్టింది నీకు?”

వదిన గొంతుతో, వదినని అడిగింది. వదిన రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

నేను మొదలుపెట్టాను. సర్వర్ పాడైందని, డిస్కు పోయిందని. ఆవిడ చేయి ఎత్తింది, క్లాసులో అల్లరి ఆపడానికి ఎత్తినట్టు. ఆగిపోయాను. తర్వాత నిజం చెప్పాను, ముప్పాతిక. నేను పెట్టింది బ్యాకప్ కాదని, కళ్ళజోడు చెప్పినా వినలేదని, చెత్తబుట్ట నేనే ఆపానని, ఒక్కరోజైనా పాత ఫైలు తెరిచి చూడలేదని. తుడిచింది ఎవరో చెప్పలేదు. ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా చెప్పను. ఆ నోటుబుక్కు అలమర వెనక దాచేశాను.

“ఎప్పుడు తెలిసింది?” అంది మెషీను.

“జూన్ ఇరవై తొమ్మిది.”

“అక్క దగ్గరికి ఎప్పుడు వెళ్ళారు?”

“జూలై ఒకటి నుంచి... ఐదు దాకా.”

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో వేలు దగ్గర ఆగి, నావైపు చూసింది.

“అంటే లిఫ్టులు బాగానే ఉన్నాయా?”

బాగానే ఉన్నాయన్నాను. వదిన చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

జూలై 26, ఆదివారం

ఇవాళ ఆవిడ ట్యాబ్ ముట్టుకోలేదు. పలక మీదే రాసింది. ‘పాలు’. ‘కిటికీ’. ‘మందు వేసుకున్నాను’.

మధ్యాహ్నం నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కోప్పడు, తిట్టు అన్నాను. తల ఊపింది, అవునన్నట్టో కాదన్నట్టో తెలియలేదు. చివరికి నోరు తెరిచి అడిగాను.

“ఆపరేషన్‌కి ముందురోజు నాతో ఒకటి చెప్పాలన్నావు. ఏమిటది?”

ట్యాబ్ దగ్గరికి లాక్కుంది. టైపు చేయబోయి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. చాలాసేపు టైపు చేసింది. చూస్తూ కూర్చున్నాను. తర్వాత అదంతా చెరిపేసి, ఇంకోటి టైపు చేసి నొక్కింది.

“అది అక్క గొంతుతో మీకు చెప్పలేనండీ.”

“అయితే పలక మీద రాయి,” అన్నాను. పలక ఆవిడ ఒళ్ళో పెట్టాను. సుద్దముక్క చేతికిచ్చాను. కాసేపు పట్టుకుని కూర్చుని, సుద్దముక్క నా అరచేతిలో పెట్టేసి, మంచం మీద అటు తిరిగి పడుకుంది.

వదిన గొంతు ఎక్కడికీ పోయేది కాదు. ఆ మాట వదినే నాకు చెప్పింది. వచ్చే నెలలో చదివించుకున్నా, వచ్చే ఏడాది చదివించుకున్నా అలాగే ఉండేది. ఆ ఐదు రోజుల్లో పోబోతున్న గొంతు ఒక్కటే, అది నా ఇంట్లో, గుమ్మంలో కుర్చీ వేసుకుని నాకోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రోజుకి పది మాటలు. ఐదు రోజులకి యాభై. యాభై మాటలూ నాతో చెప్పాలనే ఉంచుకుంది. నేను మాట్లాడకు, మాట్లాడకు అంటూ బస్సెక్కి వెళ్ళిపోయాను.